పదమూడులో పది వినపడుతోందా?

మొన్న జూన్‌లో మా బుజ్జి ఒకటో తరగతికి వచ్చింది. రెండో వారంలోనే డైరీలో టీచర్ ఎర్ర పెన్నుతో రాసి పంపారు, పాప ఇంకా వేళ్ళ మీద లెక్కపెడుతోంది, ఇంట్లో మాన్పించండి అని. ఆ రోజు సాయంత్రం హోమ్‌వర్క్‌కి కూర్చున్నప్పుడు చూస్తే ఎడం చెయ్యి టేబుల్ కింద ఉంది, ఏంటా అని వంగి చూశాను, గౌను మడతల్లో వేళ్ళు దాచుకుని ఒక్కోటీ కదుపుతోంది. ఆరేళ్ళ పిల్ల 8+5 చెయ్యడానికి తన వేళ్ళు తనే దాచుకోవాల్సి వచ్చిందా అని నాకు కడుపు తరుక్కుపోయిందండి. పుస్తకం మూసేసి, దా నాన్నా అన్నం తిందాం అని లేపేశాను.

ఇప్పటికి ఏడు నెలలైంది. ఇప్పుడు రెండంకెల కూడికలు కూడా కాగితం లేకుండా చెప్తోంది, గబగబా కాదు, ఆగి ఆలోచించి చెప్తోంది, కానీ భయం లేకుండా చెప్తోంది. మధ్యలో ఏం చేశామో రాద్దామని ఎప్పట్నుంచో అనుకుంటున్నా, ఎందుకంటే అదే వయసు పిల్లలున్న నా ఫ్రెండ్స్ చాలామంది ఫోన్ చేసి ఇదే బాధ చెప్తున్నారు. నేను టీచర్ని కాదు. మా నాన్న మండపేటలో ముప్పై ఏళ్ళు కిరాణా కొట్టు నడిపారు, స్కూల్ నుంచి వచ్చాక నేను ఆ గల్లాపెట్టె పక్కన కూర్చునే పెరిగాను, నాకొచ్చిన నోటిలెక్కలన్నీ అక్కడివే.

ముందు వేళ్ళ సంగతి. నేను మాన్పించలేదు. మాన్పించకూడదనే నా గట్టి అభిప్రాయం. మా నాన్న ఇన్నేళ్ళు వ్యాపారం చేసి కూడా ఇప్పటికీ బొటనవేలు కణుపుల మీద జరుపుతూ లెక్కపెడతారు, వేలికి మూడు కణుపులు, నాలుగు వేళ్ళకి పన్నెండు, అంటే ఒక చేతిలోనే డజను అయిపోతుంది. వేళ్ళు తప్పు అని చెప్తే పిల్లలు లెక్క మానరు, దాచుకుని చేస్తారు, లేదంటే నోటికొచ్చిన అంకె చెప్పేస్తారు, ఆ రెండోది ఇంకా ప్రమాదం. అంతకంటే సులువైన దారి ఒకటి దొరికిన రోజున వేళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. బుజ్జికి అక్టోబర్‌కల్లా చాలావరకు ఆగిపోయాయి, మేం ఒక్కసారి కూడా వద్దనలేదు.

మనందరికీ చిన్నప్పుడు నేర్పింది ఒకటుంది కదా, మనసులో ఎనిమిది, చేతిలో ఐదు అని. ఎనిమిది మనసులో పెట్టుకుని ఐదు వేళ్ళు తెరిచి తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు, పదమూడు అని ముడుచుకుంటూ పోవడం. మంచి పద్ధతే, మొదటి మెట్టు అదే. కానీ పిల్లలు ఇందులో రెండుచోట్ల తడబడతారు. ఒకటి, మనసులో ఉన్న ఎనిమిదిని కూడా మొదటి వేలికి లెక్కేసేసి ఎనిమిది, తొమ్మిది, పది అని మొదలుపెడతారు, పన్నెండు వస్తుంది, ప్రతిసారీ ఒకటి తక్కువొస్తోందంటే ఇదే కారణం. దీనికి నేను చేయించింది ఏంటంటే ఎనిమిది అనేటప్పుడు నెత్తి మీద చెయ్యి పెట్టుకోమన్నా, అది అక్కడ కూర్చుంది, ఇప్పుడు వేళ్ళ వంతు తొమ్మిదితో మొదలు అని. రెండు రోజుల్లో సర్దుకుంది. రెండోది, 2+9 అని ఇస్తే రెండు మనసులో పెట్టుకుని తొమ్మిది వేళ్ళు తెరుస్తారు. ఏది ముందు రాసినా పెద్దదే మనసులో పెట్టుకో అని చెప్తే చాలదు, అటు తిప్పినా ఇటు తిప్పినా అంతే వస్తుందని వాళ్ళు ఒకసారి చేసి చూడాలి, బుజ్జి నమ్మక రెండు రకాలుగానూ చింతపిక్కలు పెట్టుకుని లెక్కపెట్టుకుంది, తర్వాత మళ్ళీ అడగలేదు.

కానీ ఆ పద్ధతి అక్కడితో ఆగిపోతుంది. 8+5కి ఐదు వేళ్ళు చాలు, 38+27కి ఇరవై ఏడు వేళ్ళు ఎక్కడ తెస్తారు. ఇక్కడే పిల్లలకి పదిని చూడటం రావాలి. నేను ఈ ఏడు నెలల్లో నేర్పింది నిజానికి ఈ ఒక్కటే, మిగతావన్నీ దాని చుట్టూ తిరిగినవే.

పదికి జంటలతో మొదలుపెట్టాం. ఒకటీ తొమ్మిదీ, రెండూ ఎనిమిదీ, మూడూ ఏడూ, నాలుగూ ఆరూ, ఐదూ ఐదూ, అంతే, ఉన్నవి ఐదే జంటలు. రెండు చేతులూ చాపమని మూడు వేళ్ళు ముడిస్తే ఎన్ని నిలబడ్డాయ్ అని అడిగేదాన్ని. పొద్దున్న జడ వేసేటప్పుడు ఐదు నిమిషాలు ఇదే ఆట, నేను ఆరు అంటే తను నాలుగు అనాలి, నేను ఎనిమిది అంటే తను రెండు అనాలి, తర్వాత తను అడిగితే నేను చెప్పాలి, నేను కావాలని ఒకటి తప్పు చెప్తే పట్టుకుని గెంతులేసేది. దీనికోసం వేరే టైం పెట్టలేదండి, పుస్తకం ముందు కూర్చోబెడితే అది చదువు అయిపోతుంది, జడ దగ్గర అయితే ఆట.

తర్వాత గుడ్ల అట్ట. ముప్పై గుడ్లు వచ్చే అట్ట ఉంటుంది చూడండి, వరసకి ఐదు గుంటల చొప్పున ఆరు వరసలు, అందులో రెండు వరసలు కత్తిరిస్తే పై వరసలో ఐదు, కింద వరసలో ఐదు, సరిగ్గా పది గుంటలు వస్తాయి. ఒక అట్టలోంచి అలాంటివి మూడొచ్చాయి. బజార్లో కొనాల్సిన పనే లేదు. ఎనిమిది చింతపిక్కలు గుంటకొకటి వేసి, ఐదు బుజ్జి చేతిలో పెట్టాను.

ఇందులో ఎన్ని ఖాళీలున్నాయి నాన్నా అంటే రెండు అంది. చేతిలో ఉన్నవాటితో అవి నింపేయ్ అన్నా. నింపింది. చేతిలో ఎన్ని మిగిలాయి అంటే మూడు. అయితే ఇక్కడ పది, చేతిలో మూడు, మొత్తం ఎంత?

ఒక్క క్షణం ఆగి, పద... మూడు, అని విడదీసి పలికింది. తర్వాత నా మొహంలోకి చూసి, అమ్మా పదమూడులోనే పది ఉంది! అంది.

నిజం చెప్తున్నా, నాకు ఆ క్షణం వరకు ఆ మాట తట్టలేదు. నేను పుట్టినప్పట్నుంచి మాట్లాడుతున్న భాషలో, రోజూ వాడే మాటలో పది అని పైకి చెప్తూనే ఉన్నాం, వినలేదు అంతే. పదమూడు, పద్నాలుగు, పదహారు, పదిహేడు, పద్దెనిమిది, అన్నిట్లో పది మోగుతూనే ఉంది. పదిహేనులో చివర్న ఉన్న ఏను కూడా ఐదే, పాత తెలుగులో ఐదుని ఏను అనేవాళ్ళు. పదకొండు, పన్నెండు, పందొమ్మిది కొంచెం ముద్దగా కలిసిపోయాయి కానీ తెలిసి వింటే అవీ వినపడతాయి. ఇక ఇరవై దాటితే అద్దంలా ఉంటాయి, ఇరవై ఒకటి, ముప్పై ఎనిమిది, తొంభై తొమ్మిది, పదులు ముందు, ఒకట్లు తర్వాత, ఎక్కడా మెలిక లేదు.

బుజ్జిది ఇంగ్లీష్ మీడియం. స్కూల్లో లెవెన్, ట్వెల్వ్ అని నేర్చుకుంటోంది, ఆ రెండు మాటల్లో టెన్ ఎక్కడా వినపడదు. థర్టీన్ అంటే థర్టీ అనుకుని 30 రాసి తెచ్చిన రోజులు ఎన్నో ఉన్నాయి, అది మతిమరుపు కాదు, ఆ రెండు మాటలూ చెవికి దగ్గరదగ్గరగా ఉంటాయి, పిల్లల తప్పేముంది. వచ్చే ఏడాది హిందీ కూడా మొదలవుతుంది, అక్కడ ఉన్‌తీస్ అంటే ఇరవై తొమ్మిది, ముప్పైకి ఒకటి తక్కువ అని దాని అర్థం, వంద వరకు దాదాపు ప్రతి అంకె పేరూ విడిగా బట్టీ పట్టాల్సిందే. మా చెల్లి వాళ్ళు జర్మనీలో ఉంటారు, అక్కడ ముప్పై ఎనిమిదిని ఎనిమిదీ ముప్పై అన్నట్టు తిప్పి పలుకుతారట, వాళ్ళబ్బాయి 38 చెప్తే 83 రాస్తున్నాడని వీడియో కాల్‌లో ఒకటే బాధ. చైనీస్‌లో మాత్రం పదకొండుని నేరుగా పది-ఒకటి అంటారు. మన తెలుగు ఆ పక్కనే నిలబడే భాష, చిన్నపిల్లకి కూడికలు నేర్పడానికి ఇంత వాటంగా ఉన్న మాటలు మన నోట్లోనే ఉంచుకుని, ఇంట్లో కూడా ఫైవ్ ప్లస్ త్రీ అని మాట్లాడుతున్నాం. నేనూ అలాగే మాట్లాడేదాన్ని. ఆ రోజు నుంచి ఇంట్లో లెక్కలు తెలుగులోనే చేద్దామని పెట్టుకున్నాం, జవాబు ముందు తెలుగులో చెప్పి, తర్వాత ఇంగ్లీష్‌లో ఏమంటారో అనుకుని రాస్తుంది. రెండు భాషలు కలిపితే పిల్ల కంగారుపడుతుందేమో అని మా అత్తయ్యగారు భయపడ్డారు కానీ అలాంటిదేం జరగలేదు.

ఒక మాట, అట్ట పెట్టగానే వచ్చేసిందని అనుకోకండి. ఎదురుగా పిక్కలున్నంతసేపూ బాగానే చేసింది, తీసేసి నోటితో అడిగితే మళ్ళీ ఆగిపోయింది. నాకు మొదట అర్థం కాలేదు, కోప్పడ్డాను కూడా, అది నా తప్పే. తర్వాత కూర్చుని ఆలోచిస్తే తెలిసింది, ఆ చిన్న లెక్కలో మూడు పనులున్నాయి. ఎనిమిదికి పది అవ్వాలంటే రెండు కావాలని తెలియాలి, ఐదులోంచి రెండు తీస్తే మూడు మిగులుతాయని తెలియాలి, పదీ మూడూ పదమూడని తెలియాలి. మొదటిదీ మూడోదీ తనకి వచ్చు. మధ్యది రాదు. అంటే చిన్న అంకెల్ని విడగొట్టడం రాలేదన్నమాట, ఐదు అంటే నాలుగూ ఒకటీ, మూడూ రెండూ, ఏడు అంటే ఐదూ రెండూ, నాలుగూ మూడూ, ఇలా. అందుకని వెనక్కి వెళ్ళాం. ఐదు పిక్కలు చూపించి కొన్ని గిన్నె కింద దాచేసి, బయట రెండున్నాయి, లోపల ఎన్ని అని అడగడం. ఐదుతో వారం, ఆరుతో నాలుగు రోజులు, ఏడు, ఎనిమిది, అలా తొమ్మిది వరకు. నెల పట్టింది. ఆ నెల వృథా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, మొత్తం ఈ ఏడు నెలల్లో బాగా పనికొచ్చింది ఆ గిన్నే.

జంట కూడికలు, అంటే ఒకే అంకెని దానికే కలపడం, తేలిగ్గా వచ్చేశాయి, వాటి గురించి ఎక్కువ రాయక్కర్లేదు. ఐదూ ఐదూ చేతులు, ఆరూ ఆరూ డజను అరటిపళ్ళు, ఏడూ ఏడూ వామనగుంటల పీట, అటు ఏడు గుంటలు ఇటు ఏడు గుంటలు, పద్నాలుగు. ఎనిమిదీ ఎనిమిదీ రెండు సాలెపురుగుల కాళ్ళు, ఇది తనే కనిపెట్టింది. జంటలు వస్తే పక్కవి వచ్చేసినట్టే, 6+7 అంటే ఆరూ ఆరూ పన్నెండు, ఇంకొకటి, పదమూడు. తొమ్మిది కలపాలంటే పది కలిపి ఒకటి తీసెయ్ అని చాలామంది నేర్పుతారు, పెద్దవాళ్ళకి బాగుంటుంది, బుజ్జికి మాత్రం ఆ తియ్యడం గుర్తుండేది కాదు, అందుకని పక్కనున్న అంకె నుంచే తొమ్మిదికి ఒకటి ఇప్పించు అన్నా. 9+6 అంటే ఆరు ఒకటిచ్చేసి ఐదైపోయింది, తొమ్మిది పదైపోయింది. ఇవ్వడం అనే మాట తనకి బాగా పట్టింది.

ఇక రెండంకెలు. నవంబర్‌లో స్కూల్లో నిలువు కూడికలు మొదలుపెట్టారు. 27 కింద 38 రాసుకుని 515 అని జవాబు రాసి తెచ్చింది. ఏడూ ఎనిమిదీ పదిహేను, కింద రాసింది, రెండూ మూడూ ఐదు, దాని పక్కన రాసింది. తన దృష్టిలో తప్పేం లేదు. అక్కడ ఉన్నది రెండు కాదు ఇరవై, మూడు కాదు ముప్పై అన్న సంగతి ఆ గడుల్లో మాయమైపోయింది. నేను పెన్సిల్ పక్కన పెట్టించి, ఇరవై ఏడు రూపాయలు నీ దగ్గర, ముప్పై ఎనిమిది నా దగ్గర, కలిపితే ఐదొందల పదిహేనా అని అడిగా. పకపకా నవ్వింది. నోటితో అడిగితే తెలిసిన పిల్లకి కాగితం మీద తెలియలేదంటే పిల్లకి లెక్క రాదని కాదు కదా.

ఆ వారం నాన్న మా ఇంటికి వచ్చి ఉన్నారు. పొట్లాల కాగితం మీద పెద్ద పెద్ద పద్దులు కూడిన మనిషి, ఒకట్లు పది దాటాయని పక్క వరస మీద ఒకటి వేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అడిగితే, నోట్లు ముందు లెక్కపెడతాం కదమ్మా, చిల్లర తర్వాత, లెక్కా అంతే అన్నారు. అంటే ఎడమ నుంచి. ఇరవై ముప్పై యాభై, ఏడూ ఎనిమిదీ పదిహేను, అరవై ఐదు. ఇది నేను చేసే పద్ధతి. నాన్న అలా కూడా చెయ్యరు, ముప్పై ఎనిమిదిని నలభై అనేసుకుంటారు, అరవై ఏడు, ఎక్కువేసిన రెండూ తీసేస్తే అరవై ఐదు. బుజ్జి ఏమో ఇరవై ఏడులోంచి రెండు తీసి ముప్పై ఎనిమిదికి ఇచ్చేసింది, నలభై, అక్కడ ఇరవై ఐదు మిగిలాయి, అరవై ఐదు. ఒకే లెక్క, ముగ్గురం మూడు రకాలుగా చేశాం, ముగ్గురివీ ఒప్పే. ఆ సాయంత్రం చాలాసేపు అలాగే కూర్చున్నాం, ఒకళ్ళు లెక్క చెప్పడం, తలా ఒక దారిలో చేసి ఎలా చేశామో చెప్పుకోవడం. మనం తెలుగులో అంకెని పలికేదే పదులు ముందు కాబట్టి ఎడమ నుంచి చేస్తే నోరూ మనసూ ఒకే వైపు నడుస్తాయి, ఒకట్ల స్థానం నుంచి వెనక్కి రానక్కర్లేదు.

నిలువు కూడిక పనికిరాదని నేననట్లేదు, నాలుగైదు అంకెలవి వచ్చినప్పుడు అదే కావాలి. పరీక్షలో టీచర్ చెప్పినట్టు రాయి, మనసులో నీకు నచ్చినట్టు చేసి సరిచూసుకో అని చెప్పాను. డిసెంబర్‌లో టీచర్‌ని కలిసి మాట్లాడాను కూడా, డైరీలో రాసింది చూసి నేను ఊహించుకున్నంత కఠినమైన మనిషేం కాదు, ఒక్కరే నలభై మంది పిల్లల్ని చూసుకుంటున్నారు, సిలబస్ అయిపోవాలి, ఒక్కో పిల్లని ఎలా చేశావ్ అని అడిగే టైం ఆవిడకి లేదు. గుడ్ల అట్ట సంగతి చెప్తే ఆసక్తిగా విన్నారు. కేంద్రం 2021లో నిపుణ్ భారత్ అని మొదలుపెట్టింది కదా, మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లకీ చదవడం, మామూలు లెక్కలు రావాలని, మంచి ఉద్దేశమే, కానీ నలభై మందికి ఒక్క టీచర్ ఉన్నచోట ఆ భారం ఎంతో కొంత ఇల్లే మొయ్యాలి.

అబాకస్‌లో, అదే పూసల చట్రం మీద లెక్కలు నేర్పే క్లాసులో చేర్పించమని చాలామంది చెప్పారు. నాకు దాని మీద వ్యతిరేకత లేదు, పైన ఐదు విలువుండే పూస ఒకటి, కింద ఒకట్ల పూసలు నాలుగు, అక్కడ నేర్పే ఐదు ఫ్రెండ్స్, పది ఫ్రెండ్స్ కూడా చివరికి ఐదుకి, పదికి జంటలే. కానీ ఆరేళ్ళకి స్టాప్‌వాచ్ పెట్టి పేజీకి ఎన్ని సెకన్లు అని చూడటం నాకు ఇష్టం లేదు. స్పీడ్ కోసం తొందరపెడితే ఆలోచించే పిల్లలు కూడా ఊహించి చెప్పడం మొదలుపెడతారు. ఒప్పు చెప్పినా తప్పు చెప్పినా ఎలా చేశావ్ నాన్నా అని అడగడమే మా ఇంట్లో ఉన్న రూల్, తప్పైనప్పుడే అడిగితే ఆ ప్రశ్న వినగానే తప్పు చేశానని బెదిరిపోతారు, అందుకే రెండుసార్లూ అడగాలి.

2025లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం నేచర్ పత్రికలో ఒక పరిశోధన రాశారు, 2019లో ఎకనామిక్స్‌లో నోబెల్ వచ్చిన వాళ్ళే. కలకత్తా, ఢిల్లీ బజార్లలో కూరగాయలవీ అమ్మే పిల్లలు బేరాల లెక్కలన్నీ నోటితో సరిగ్గా చేసేస్తున్నారు, అవే లెక్కలు స్కూల్ పుస్తకంలో ఉన్నట్టు ఇస్తే చాలామందికి రావట్లేదు, బడి పిల్లలకేమో అటుది ఇటు, పుస్తకం లెక్కలు వస్తాయి, బజారు లెక్కలు రావట్లేదు. అది చదివాక నాకు మా కొట్టుకి వచ్చిన కుర్రాళ్ళు గుర్తొచ్చారు, ఐదో తరగతి ఫెయిలై పనికి చేరి, పన్నెండు సామాన్ల పద్దు నోటితో చెప్పేవాళ్ళు, వాళ్ళకి లెక్కలు రావని స్కూల్ ఎలా అనుకుందో నాకు ఇప్పటికీ బాధే. ఇంకో సంగతి, ఇప్పటి పిల్లల కంట డబ్బే పడట్లేదు, అన్నీ ఫోన్‌తో స్కాన్ చేసెయ్యడమే, రూపాయి బిళ్ళలు పది ఇచ్చి ఒక పది రూపాయల నోటు తీసుకోవడం అనేది వాళ్ళ చేతులకి తెలియదు. అందుకే నేను కూరగాయలకి మాత్రం మళ్ళీ చిల్లర పట్టుకెళ్ళడం మొదలుపెట్టాను.

పోయిన ఆదివారం రాజమండ్రిలో రైతుబజార్‌కి ముగ్గురం వెళ్ళాం, నాన్న, నేను, బుజ్జి. ధరల బోర్డు బుజ్జి చదివింది, కిలో టమాటా 28, కిలో వంకాయ 36. రెండూ కిలో కిలో తీసుకున్నాం. నాన్న జేబులోంచి డబ్బులు తీస్తూ, ఎంతైందే బుజ్జీ అన్నారు. వేళ్ళు ఊరికే సంచి పట్టుకుని ఉన్నాయి, పెదాలు మాత్రం కొంచెం కదిలాయి.

అరవై నాలుగు తాతయ్యా.

ఎలా చేశావే?

వంకాయల దగ్గర రెండు రూపాయలు తీసి టమాటాలకి ఇచ్చేశా, వాటికి ముప్పై అయ్యాయి, వీటికి ముప్పై నాలుగు మిగిలాయి, అంది. కొట్టు దగ్గరున్నామె మా వంకాయల డబ్బులు తీసెయ్యకే తల్లీ అంటే, లేదండీ మొత్తం మీకే ఇస్తున్నాం అంది బుజ్జి, సంచి భుజానికి తగిలించుకుంటూ.